అయిదు పాయింట్ మూడు

జనవరి 16, 2025, గురువారం

పండగ అయిపోయింది. అమ్మాయీ అల్లుడుగారూ పొద్దున బస్సుకి హైదరాబాద్ వెళ్లిపోయారు. మనవరాలు ఇక్కడి హైస్కూల్లోనే పదో తరగతి కాబట్టి పరీక్షలయ్యేదాకా మా దగ్గరే. బస్సెక్కుతూ అమ్మాయి నాకో పని అప్పజెప్పింది. "నాన్నా, దానికి లెక్కలు వస్తాయి, కెమిస్ట్రీ అంటేనే బెదురు. నువ్వు కాలేజీలో కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్లోనే చేశావు కదా, కాస్త కూర్చోబెట్టు."

చేశాను, నిజమే. ల్యాబ్ అటెండర్‌గా. 1989 నుంచి 2020 దాకా సీసాలు కడిగాను, బ్యూరెట్లు బిగించాను, ద్రావణాలు కలిపాను, పిపెట్లు పగలగొట్టిన పిల్లల పేర్లు రిజిస్టర్లో ఎక్కించాను. పాఠం చెప్పింది మాత్రం వేరేవాళ్లు. నా చదువు పదో తరగతి, అదీ రెండో దండయాత్రలో గట్టెక్కింది. ఆ మాట బస్టాండులో అమ్మాయితో అనబుద్ధి కాలేదు.

సాయంత్రం పిల్ల నోట్సు తిరగేశాను. సమీకరణాలు బ్యాలెన్స్ చేయడం. హైడ్రోజనూ ఆక్సిజనూ కలిస్తే నీళ్లు. ఎడమ పక్క ఆక్సిజన్లు రెండు, కుడి పక్క ఒకటే. మా అమ్మడు నీళ్ల ఫార్ములా చివర చిన్న 2 తగిలించి, కింద స్కేలు పెట్టి రెండు గీతలు గీసేసింది.

హెచ్ టూ ఓ టూ! ఆ పేరు నేను మరిచిపోతానా? గోధుమరంగు సీసా, ఎండ తగలకుండా ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టేవాణ్ణి. గాఢమైనది చేతిమీద చుక్క పడితే చర్మం సున్నం కొట్టినట్టు తెల్లబడి చురచురలాడుతుంది.

"ఇది నీళ్లు కాదమ్మడూ. హైడ్రోజన్ పెరాక్సైడ్."

"రెండు పక్కలా లెక్క సరిపోయింది కదా తాతయ్యా?"

"లెక్క సరిపోయింది, సరుకు మారిపోయింది."

నవ్వింది గాని ఒప్పుకోలేదు. చివరికి నాకు తెలిసిన భాషలోనే చెప్పాను. సీసా మీద లేబుల్ కంపెనీవాడు అంటించింది. దానిమీద అంకె దిద్దడానికి నీకూ నాకూ హక్కు లేదు. ఇంకో సీసా కావాలని ఇండెంట్ మాత్రం పెట్టుకోవచ్చు. కింద రాసే చిన్న అంకె లేబుల్, ముందు రాసే పెద్ద అంకె ఇండెంట్. కాసేపు పెన్సిలు కొరికి, నీళ్ల ముందు 2, హైడ్రోజన్ ముందు 2 వేసింది. "అయితే నీళ్లు రెండు వస్తాయి. నేను ఒకటే రావాలనుకున్నా" అంది. దాని చిక్కు అక్కడుందన్నమాట.

జనవరి 20, సోమవారం

రోజుకి యాభై సమీకరణాలు చేస్తానని టైంటేబుల్ రాసి గోడకి అంటించింది. అయిదు చాలన్నాను. యాభై చేస్తే వచ్చినవే మళ్లీ మళ్లీ చేసి సంబరపడుతుంది.

ఇనుము మీద నీటి ఆవిరి పోయే సమీకరణం ఇరవై నిమిషాలు తిన్నది. అంకెలు మార్చి మార్చి చూసింది, లాటరీ టికెట్ గీకినట్టు. ముందు ఇనుము సంగతి తేల్చి, తర్వాత ఆక్సిజన్, ఆఖర్న హైడ్రోజన్ చూడమన్నాను. మూడు, నాలుగు, ఒకటి, నాలుగు. వచ్చింది. ఈ కిటుకు నాది కాదు, ల్యాబ్ కిటికీలోంచి పక్క క్లాసులో విన్నది.

జనవరి 26, ఆదివారం

స్కూల్లో జెండా పండగకి వ్యాసరచనలో బహుమతి వచ్చింది. మా ఆవిడ గుమ్మంలోనే ఆపి దిష్టి తీసింది. పళ్లెంలో నీళ్లు, చిటికెడు పసుపు, తమలపాకు డబ్బాలోంచి కాస్త సున్నం. వేలితో కలపగానే ఎర్రగా తిరిగింది.

"పసుపు ఇండికేటర్ తాతయ్యా! నిన్ననే చదివా!" అని గుమ్మంలోనే ఎగిరింది. పళ్లెం కింద పెట్టనిచ్చిందా? వంటింట్లోంచి నిమ్మచెక్క తెచ్చి పిండింది. ఎరుపు పోయి మళ్లీ పసుపుపచ్చ. ఇంకాస్త సున్నం, మళ్లీ ఎరుపు. "దిష్టినీళ్లతో ఆటలేంటే" అని వాళ్లమ్మమ్మ కేకలు.

తర్వాత నేనో మెలిక పెట్టాను. రెండు గ్లాసులు. ఒకదాంట్లో మంచినీళ్లు, ఇంకోదాంట్లో నిమ్మరసం కలిపిన నీళ్లు. రెండింట్లోనూ పసుపు వెయ్యి, ఏది ఆమ్లమో చెప్పు. రెండూ పసుపుపచ్చే. ముక్కు దగ్గర పెట్టుకోబోతే చెయ్యి పట్టుకున్నాను. పసుపు క్షారాన్ని పట్టిస్తుంది, ఆమ్లాన్ని పట్టించదు. పుస్తకంలో ఆమ్లం, క్షారం ఎదురెదురు గడుల్లో ఉంటాయి కాబట్టి ఒకటి కాకపోతే రెండోదని పిల్లలు అనుకుంటారు. మధ్యలో మంచినీళ్లున్నాయని గుర్తురాదు. ఎర్రబడిన నీళ్లలో ఆమ్లం పోసుకుంటూ వెళ్తే రంగు విరిగే చోటొకటి వస్తుంది. దానికోసమే నేను 31 ఏళ్లు బ్యూరెట్లు కడిగాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

అటకమీద ట్రంకుపెట్టె దింపితే నా పాత తూకాల పుస్తకం దొరికింది. చేరిన కొత్తలో మా హెడ్డుగారు చీటీ మీద రాసిచ్చినవి ఎక్కించుకున్నాను. ఎన్ బై టెన్ ద్రావణం, లీటరుకి: సోడియం కార్బోనేట్ 5.3 గ్రాములు. ఆక్సాలిక్ ఆమ్లం 6.3. మోర్స్ సాల్ట్ 39.2. ఇవి నాకు ఇంటి నంబర్లకన్నా బాగా గుర్తు. కళ్లు మూసుకుని తూచేవాణ్ణి.

అమ్మడు పుస్తకం లాక్కుని చూసింది. ఫార్ములా భారం తొమ్మిదో తరగతిలో అయిపోయిందట, అయినా దాని వేళ్లు ఊరుకోవు. సోడియం 23 రెండుసార్లు 46, కార్బన్ 12, ఆక్సిజన్ 16 మూడుసార్లు 48. మొత్తం 106.

"టెన్ అంటే పదో వంతు కదా, 10.6 ఉండాలి. నీ పుస్తకంలో 5.3 ఉంది. సగమే వేశారు తాతయ్యా, తప్పు."

నాకు చిర్రెత్తింది. సోడా ద్రావణం 20 మిల్లీలీటర్లు పిపెట్‌తో తీసి, మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు వేసి, పైనుంచి అంతే బలమున్న ఆమ్లం వదిలితే, సరిగ్గా 20 దగ్గర పసుపు రంగు కాస్తా లేత గులాబీకి తిరిగేది. తూకం తప్పయితే 31 ఏళ్లలో ఒక్క పిల్లాడికీ రీడింగ్ వచ్చేది కాదు.

"మరి 106 తప్పా?"

అదీ తప్పు కాదు. మూడుసార్లు కూడాను. రాత్రి నిద్ర పట్టలేదు. 53కి రెట్టింపు 106 అని ఎవరికైనా తెలుసు. నాకు తెలియదు. ఎందుకంటే 106 అనే అంకె నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. నాకు 5.3 ఒక్కటే వచ్చింది, చీటీ మీద.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈసారి ఆక్సాలిక్ ఆమ్లం. హైడ్రోజన్లు రెండు, కార్బన్లు రెండు, ఆక్సిజన్లు నాలుగు. 2, 24, 64. మొత్తం 90. పదో వంతు 9. దాంట్లో సగం 4.5. నా పుస్తకంలో 6.3. ఇది పూర్తి కాదు, సగమూ కాదు. పిల్ల పెన్ను పడేసి "మీ హెడ్డుగారికి లెక్కలు రావు" అంది. పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. ఆ మాటకి కోపం వచ్చింది గాని, జవాబు లేనివాడికి కోపమెందుకు?

పక్కమీద వాలాక ఆ సీసా కళ్లముందుకొచ్చింది. తెల్లటి పలుకులు, పటికబెల్లం ముక్కల్లా. లేబుల్ మీద ఫార్ములా అయిపోయాక ఒక చుక్క, చుక్క తర్వాత ఇంకేదో. ఏమిటది? లేచి లైటు వేశాను. చుక్క, 2, హెచ్ టూ ఓ. పలుకులో దాక్కున్న నీళ్లు!

పదిన్నరకి పిల్లని లేపాను. మా ఆవిడ ఇద్దరినీ తిట్టింది. నీళ్లు రెండు కాబట్టి 36. తొంభైకి 36 కలిపితే 126. పదో వంతు 12.6. సగం 6.3.

"మళ్లీ సగం!" అంది అమ్మడు నిద్రకళ్లతో.

మైలుతుత్తం పలుకుని పరీక్షనాళికలో వేడి చేస్తే నీలం పోయి తెల్లబడుతుందని, రెండు చుక్కల నీళ్లు పోస్తే నీలం తిరిగొస్తుందని పుస్తకంలో ఉంది. స్ఫటిక జలం, రెండు మార్కుల ప్రశ్న. అది చదివేటప్పుడు పిల్ల కంటికి ఆనలేదట. తూకంలో 36 తక్కువయ్యేసరికి ఆనింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇవాళ తారీకు ఎర్రసిరాతో రాయాల్సింది.

ఆమ్లాలు లోహ కార్బోనేట్లతో జరిపే చర్యలు చేస్తోంది. సోడియం కార్బోనేట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఉప్పు, నీళ్లు, కార్బన్ డయాక్సైడ్. నేను పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. ఎడమ పక్క సోడియంలు రెండున్నాయని ఉప్పు ముందు 2 వేసింది. దాంతో క్లోరిన్లు రెండయ్యాయి కాబట్టి ఆమ్లం ముందు 2. గీత గీయబోయి ఆగిపోయింది.

"తాతయ్యా. ఈ రెండు!"

"ఏ రెండు?"

"ఆమ్లం ముందు రెండు. ఒక్క సోడాకి రెండు ఆమ్లాలు కావాలి. అంటే ఆమ్లం ఒకటే ఉంటే సోడా సగం చాలు. నీ 5.3!"

చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆక్సాలిక్ ఆమ్లానికి సోడియం హైడ్రాక్సైడ్‌తో సమీకరణం రాయమన్నాను. ముక్కు చీదుతూ రాసింది. అక్కడా 2 వచ్చింది. 6.3 కూడా తేలిపోయింది.

ఇన్నాళ్లూ అది ఆ పెద్ద అంకెల్ని పజిల్‌లో ఖాళీలు పూరించినట్టు పూరించేది. ఇటు నాలుగు, అటు నాలుగు, అయిపోయింది. అవి నిజంగా ఎంతకి ఎంత అనే మాట అని ఇవాళ దానికి తట్టింది. నాకూ ఇవాళే తట్టింది. దానికి పదిహేనేళ్లు, నాకు అరవై అయిదు.

ఎందుకు అడగలేదు నేను? మా హెడ్డుగారు అడిగితే చెప్పేవారే, చిరాకు మనిషి కాదు. అడగాలని తోచలేదు. చీటీలో ఉన్నట్టు తూచితే రీడింగ్ వచ్చేది. రీడింగ్ వస్తే అందరూ మెచ్చుకునేవారు. మనం అటెండర్లం, మనకెందుకులే అనే మాటా ఎక్కడో ఉంది, దాచుకోవడం దేనికి?

మోర్స్ సాల్ట్ 39.2 మిగిలింది. దాని ఫార్ములాలో బ్రాకెట్లు చూసి పిల్ల దణ్ణం పెట్టింది. పరీక్షలో రాదట.

ఫిబ్రవరి 22, శనివారం

ప్రీ-ఫైనల్ పేపర్లు ఇచ్చారు. భౌతిక రసాయన శాస్త్రం 50కి 36. అద్దాల లెక్కలో అంతా బాగా చేసి చివర సెంటీమీటర్లు అని యూనిట్ రాయనందుకు అర మార్కు పోయింది. అది దాని ఖాతా. రెండు మార్కులు మాత్రం నా ఖాతాలో పోయాయి.

ప్రశ్న ఇది: వెల్ల వేయడానికి ఎక్స్ అనే పదార్థం ద్రావణాన్ని వాడతారు. ఎక్స్ పేరు, ఫార్ములా రాయండి, నీటితో దాని చర్య రాయండి. మా అమ్మడు కాల్షియం హైడ్రాక్సైడ్ అని రాసింది. రెండో భాగానికొచ్చేసరికి దాన్ని మళ్లీ నీళ్లలో వేస్తే ఏమవుతుందో తేలక వదిలేసింది.

"నువ్వే కదా తాతయ్యా, గోడకి పూసేది సున్నమేనన్నావు?"

అన్నాను. ఇప్పటికీ అంటాను, బక్కెట్‌లో కుంచె ముంచేటప్పుడు ఉన్నది కాల్షియం హైడ్రాక్సైడే. కానీ నీటితో చర్య అడిగాడంటే నీళ్లు పోయకముందు సరుకు గురించి అడిగినట్టు. కాల్షియం ఆక్సైడ్.

తప్పు నాది కూడా కాదు, సున్నం అనే మాటది. మన నోట్లో మూడు సరుకులకీ ఒకటే పేరు. చిన్నప్పుడు మా ఊళ్లో బట్టీలో నత్తగుల్లలు కాల్చేవాళ్లు. గుల్లా సున్నమే, అది కాలితే మిగిలే పొడీ సున్నమే, నీళ్లు పోస్తే కుతకుతలాడి ముద్దయ్యేదీ సున్నమే. గోడమీద రెండు మూడు రోజులకి గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని గట్టిపడి నిగనిగలాడేదీ అదే. అంటే గోడమీద మళ్లీ గుల్లే తయారైందన్నమాట. కాల్షియం కార్బోనేట్ నుంచి బయల్దేరి కాల్షియం కార్బోనేట్‌కే చేరింది. కాగితం మీద గుండ్రంగా గీసి మూడు బాణాలు పెట్టాం. ఒకచోట వేడి లోపలికి, ఒకచోట వేడి బయటికి.

మా అమ్మ బట్టీనుంచి తెచ్చిన సున్నపురాళ్ల మీద నీళ్లు పోస్తూ "దూరం జరగరా" అని అరవడం గుర్తొచ్చింది. ఉష్ణమోచక చర్య అని ఆవిడకి తెలియదు. కుండ పగలొచ్చని తెలుసు.

మార్చి 2, ఆదివారం

పక్కింటాయన నిమ్మతోటలో గజ్జి తెగులు. బోర్డో మిశ్రమం కలుపుతున్నాడంటే అమ్మడిని తీసుకెళ్లాను. చదువు మానిపించి పొలానికి తిప్పుతున్నాడని మా ఆవిడ ఫిర్యాదు ఈపాటికి హైదరాబాద్ చేరే ఉంటుంది.

వంద లీటర్లకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. ప్లాస్టిక్ డ్రమ్ములో మైలుతుత్తం విడిగా, సున్నం విడిగా కరిగించి తర్వాత కలపాలి. ఇనప డ్రమ్ము పనికిరాదు. ఎందుకో పిల్లే చెప్పింది. కలిపాక ఆయన నడుముకున్న కత్తి తీసి, ఇసకతో తోమి, డ్రమ్ములో ముంచాడు. కాసేపటికి తీస్తే అంచు వెంబడి ఎర్రటి పూత.

"ఇంకా సున్నం పడాలి" అన్నాడు.

మా అమ్మడు కత్తినే చూస్తూ నిలబడిపోయింది. పుస్తకంలో ఇనుప మేకు, కాపర్ సల్ఫేట్ ద్రావణం బొమ్మ ఉంది. ఇనుము చురుకైంది, రాగిని బయటికి నెట్టి దాని కుర్చీలో కూర్చుంటుంది. డ్రమ్ములో కరిగిన రాగి ఇంకా మిగిలుంటే కత్తి మీద పూత వస్తుంది, ఆ రాగి ఆకుల్ని మాడుస్తుంది. సున్నం దాన్ని పూర్తిగా పట్టేసుకుంటే కత్తి తెల్లగానే బయటికొస్తుంది. ఇంకాస్త సున్నపునీళ్లు పోసి మళ్లీ ముంచాడు. ఈసారి మరక లేదు.

దీనికి బోర్డో అని పేరెందుకొచ్చిందో మా హెడ్డుగారు ఓసారి చెప్పారు. ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల వాళ్లు దారినపోయే జనం పళ్లు కోసుకు తినకుండా బాటపక్క తీగలకి ఈ నీలం నీళ్లు చల్లేవారట. ఆ తీగలకి బూజు తెగులు రాలేదని మిలార్డే అనే ఆయన కనిపెట్టి, 1885లో లోకానికి చెప్పాడు. దొంగల కోసం చల్లింది తెగులుకి పనికొచ్చింది.

ఇంటికొచ్చాక రాయమన్నాను. "కత్తికి ఎర్రటి పూత వచ్చింది" అని రాసి ఊరుకుంది. చూసింది రాస్తే సగం మార్కులే. సమీకరణం రాసింది. నీలం పాలిపోయి లేత ఆకుపచ్చకి తిరుగుతుందని కూడా రాసింది. అది డ్రమ్ములో కనిపించలేదు, పుస్తకంలో ఉంది. రాయనిచ్చాను.

మార్చి 11, మంగళవారం

కార్బన్ సమ్మేళనాలు. మీథేన్, ఈథేన్, ప్రొపేన్. దీంట్లో నేను శుద్ధ మొద్దుని. మా ల్యాబ్‌లో వాటి వాసనలు తెలుసు, గీతలు తెలియవు. కార్బన్‌కి నాలుగు చేతులు, ఏ చెయ్యీ ఖాళీగా ఉండకూడదు. ఈ ఒక్కటీ పట్టుకుని పిల్ల గీసిన బొమ్మల్లో చేతులు లెక్కపెడుతున్నాను. ఒకచోట అయిదు చేతులు దొరికాయి. నాకు మహా సంతోషం.

మార్చి 17, సోమవారం

పరీక్షలు మొదలు. ఇవాళ తెలుగు. బాగా రాసిందట. పెరుగన్నం తిని పడుకుంది.

మార్చి 25, మంగళవారం

రేపే. తొమ్మిదిన్నరనుంచి పదకొండున్నర దాకా. పిల్ల దగ్గర చిన్న చేతిపుస్తకం ఉంది, జనవరినుంచి చేసిన తప్పులు మాత్రమే రాసుకున్నది. అదొక్కటే చదివి తొమ్మిదింటికి లైటు ఆర్పేసింది. మొదటి పేజీలో హెచ్ టూ ఓ టూ, పక్కన సీసా బొమ్మ.

మార్చి 26, బుధవారం

స్కూలు గోడపక్క వేపచెట్టు కింద నాలాంటివాళ్లు ఓ పాతికమంది. పూలు రాలుతున్నాయి, ఆదివారం ఉగాది. ఊరికే కూర్చోలేక జేబులో కాగితం తీసి మోర్స్ సాల్ట్ మొదలెట్టాను. ఇనుము 56. సల్ఫేట్ 96, రెండు కాబట్టి 192. అమ్మోనియం 18. నీళ్లు ఆరు, 108. కూడితే 374. రాలేదు. పక్కాయన ఏంటండీ చిట్టీల లెక్కా అనడిగాడు. మళ్లీ చూస్తే అమ్మోనియం బ్రాకెట్ బయట 2 ఉంది. 18 కాదు, 36.

392. పదో వంతు 39.2. దీనికి సగం లేదు. పూర్తిగా ఉంది. ఎందుకు?

బెల్లు కొట్టారు. అమ్మడు అట్ట ఊపుకుంటూ వచ్చింది. పేపరెలా ఉందని అడిగేలోపే నా చేతిలో కాగితం లాక్కుని చూసింది.

"కరెక్టే. దీనికి సగమెందుకు లేదో ఇంటర్‌లో చెప్తారట, మా సార్‌ని అడిగా." కాగితం తిరిగిచ్చేసింది. "యూనిట్ రాయలేదు తాతయ్యా. అర మార్కు కట్."